“బాగానే ఉన్నాం”

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం, కవిటి దగ్గర పల్లె. మా వీధిలో ఇంచుమించు ఇంటికొకరు వెల్డరుగానో, ఫిట్టరుగానో, రిగ్గరుగానో గల్ఫ్‌లో ఉన్నారు. నేను అబుదాబి వైపు పైపు వెల్డర్‌ని. వచ్చి పదమూడేళ్లయింది.

డ్యూటీ నుంచి వచ్చి, స్నానం చేసి ఎనిమిదికి ఫోన్ చేస్తాను. అప్పుడు ఇంటిదగ్గర తొమ్మిదిన్నర. చాలా ఏళ్లు ఆ ఫోన్‌లో నడిచినవి రెండే మాటలు. “బాగున్నారా?” “బాగానే ఉన్నాం.”

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. రెండు రోజులు ఇంటికి ఫోన్ కలవలేదు. మూడో రోజు నాన్న ఎవరి ఫోన్ నుంచో చేశాడు. “ఏటీ కాలేదురా. నాలుగు చెట్లు పడిపోనాయి, అంతే.” ఆ మాటకి కడుపు నిండా తిని పడుకున్నాను. మర్నాడు మా రూములోని మందస కుర్రాడు వీడియో చూపించాడు. అందులో ఉన్నది మా తోటే. అరవై కొబ్బరి చెట్లలో నిలబడి ఉన్నవి పదకొండు. జీడి మొక్కలు వేళ్లతో లేచిపోయాయి.

నాన్నని అడిగితే, “నువ్వక్కడుండి ఏటి సేస్తావురా? పని మీద దృష్టి ఉండొద్దా?” అన్నాడు. నా మంచికే దాచాడు, తెలుసు. కానీ ఆ తర్వాత ఇంట్లోవాళ్లు నిజంగా బాగున్న రోజు కూడా నేను నమ్మలేకపోయాను. అమ్మ దగ్గితే టెన్షన్, నాన్న ఫోన్ దగ్గరికి రాకపోతే టెన్షన్.

నేనూ తక్కువ చెయ్యలేదు. 2020లో మా కంపెనీ మూడు నెలలు జీతం ఇవ్వలేదు. రూములోవాళ్ల దగ్గర అప్పు చేసి ఎప్పటిలాగే ఇంటికి పంపాను. అబ్బాయికి జీతం ఆగలేదనుకుని నాన్న మేనకోడలి పెళ్లికి రెండు లక్షలు ఇస్తామని మాటిచ్చేశాడు. అప్పుడు నోరు విప్పి కాదనలేకపోయాను. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చాను. అది తీరేసరికి రెండేళ్లు పట్టింది.

తర్వాత సెలవుకి వెళ్లినప్పుడు బియ్యం డబ్బా వెనక ఒక ఫైలు కనిపించింది. నాన్న రక్త పరీక్షలు. కిడ్నీ దెబ్బతినేకొద్దీ రక్తంలో పెరిగే క్రియాటినిన్ 1.9, తర్వాత 2.4, తర్వాత 3.1. ఉద్దానంలో పుట్టినవాడికి ఆ అంకెలకి అర్థం చెప్పక్కర్లేదు. ఎందుకొస్తుందో ఇప్పటికీ తేలని కిడ్నీ జబ్బు మా ప్రాంతంలో ఎన్ని ఇళ్లని ఖాళీ చేసిందో చూస్తూ పెరిగాం. మోకాళ్ల నొప్పులకని నాన్న షాపులో నొప్పి మాత్రలు కొనుక్కుని మింగుతున్నాడు. అవి కిడ్నీకి చెరుపని నాకు తెలుసు. ముందే చెప్పి ఉంటే ఆపించేవాణ్ణి. ఎనిమిది నెలలు నన్ను బయటివాణ్ణి చేశారనిపించి ఆ రాత్రి గట్టిగా అరిచాను.

మా ఆవిడ నెమ్మదిగా అంది: “మీరు మాత్రం జీతం ఆగిన సంగతి చెప్పారా?” ఆమెకి అప్పుడే తెలుసట. నా రూమ్మేట్ భార్యది సోంపేట, ఇద్దరూ మాట్లాడుకుంటారు. నేను చెప్తానేమోనని ఇన్నాళ్లూ ఎదురుచూసిందట. ఆ మాట దగ్గర నా కోపం పోయింది.

విశాఖలో సైకాలజీ చదువుతున్న మా పెద్దమ్మాయి ఒకటి చెప్పింది. ఇర్విన్ ఆల్ట్‌మన్, డాల్మస్ టేలర్ అనే అమెరికా శాస్త్రవేత్తలు 1973లో మనిషిని ఉల్లిపాయతో పోల్చారట. ఒకరు ఒక పొర తీస్తే ఎదుటివారూ ఒక పొర తీస్తారు, బంధం అలా దగ్గరవుతుంది. మా ఇంట్లో ఒకరు దాస్తే రెండోవాళ్లూ దాచారు. పొర మీద పొర పెరిగింది.

అలాగని అన్నీ కుమ్మరించెయ్యడం కూడా నాకు నచ్చదు. మా క్యాంపులో ఒకతనికి వాళ్లమ్మ ఫోన్ చేసి కోడలి మీద చెబుతుంది, కోడలు అత్త మీద చెబుతుంది. అతనికి నిద్రే లేదు. నాకు కావలసింది వేరు. ఏదైనా నిర్ణయం అయిపోయాక కాదు, అవకముందు నాకు తెలియాలి. దూరంగా ఉన్నవాడు ఇంట్లో మనిషిగా మిగిలేది అక్కడే. ఇప్పుడు చీటీ కట్టాలన్నా, పిల్లని ఎక్కడ చేర్చాలన్నా ముందు మాట్లాడుకుంటున్నాం. నాన్న పలాసలో 2023లో తెరిచిన కిడ్నీ ఆసుపత్రికి వెళ్తున్నాడు. రిపోర్టు ఫొటో ఆ రోజే వాట్సాప్‌లో వస్తుంది. ఒకసారి అంకె పెరిగి వచ్చింది. ఆ రాత్రి చాలాసేపు మెలకువగానే ఉన్నాను, కానీ మునుపటిలా ఏమేమో ఊహించుకోలేదు.

ఒక్కటి మాత్రం నేనింకా అమ్మకి చెప్పలేదు. పోయిన జూలైలో ఎండకి సైటులో పడిపోయాను, ఒక పూట సెలైన్ పెట్టారు. మా ఆవిడకి తెలుసు, నాన్నకి తెలుసు. అమ్మకి ఫోన్‌లో చెప్పడానికి నోరు రాలేదు. వచ్చే నెల ఊరెళ్తున్నాను. పక్కన కూర్చుని చెబుతాను.