మా రివ్యూలో లైబ్రేరియన్ పేరు ఎందుకు ఉందంటే

దేశంలో గర్భిణుల్లో 52.2 శాతం మందికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. వారికి ఐరన్ మాత్రలు మేలా, నరానికి ఎక్కించే ఐరన్ మేలా? దీనిపై సిస్టమాటిక్ రివ్యూ రాయాలని మా విభాగం నిర్ణయించుకుంది. ఇలాంటి రివ్యూలో నచ్చిన నాలుగు పేపర్లు ఏరుకుంటే కుదరదు. జరిగిన అధ్యయనాలన్నీ వెతకాలి. ఎలా వెతికామో ఇంకొకరు సరిచూసుకోగలిగేంత వివరంగా రాయాలి. అందుకే మా ప్రొఫెసర్ గారు మొదట లైబ్రరీకి వెళ్లమన్నారు.

లైబ్రేరియన్ మేడమ్ కంప్యూటర్ ముట్టుకోకుండానే ప్రశ్నలు మొదలుపెట్టారు. "ఎన్నో నెల గర్భిణులు, డాక్టర్ గారూ? హీమోగ్లోబిన్ ఒక్కటే చూస్తారా, బిడ్డ బరువు కూడానా? కాన్పయ్యాక ఇచ్చిన ఐరన్ లెక్కలోకి వస్తుందా?" చివరి ప్రశ్న మీద మా బృందం చాలాసేపు వాదించుకుంది. అది తేలాకే ప్రోటోకాల్ (రివ్యూ ఎలా చేస్తామో ముందే రాసుకునే ప్రణాళిక) రాసి, ఇలాంటి ప్రణాళికలను నమోదు చేసే ప్రాస్పెరో రిజిస్ట్రీలో నమోదు చేశాం.

ఆ తర్వాతే సెర్చ్. వైద్య పరిశోధన పేపర్లను వెతికే డేటాబేస్ పబ్‌మెడ్‌లో మెష్ అనే విషయ శీర్షికలు ఉంటాయి. రచయిత ఏ మాట వాడినా పేపరు ఒకే శీర్షిక కిందికి చేరుతుంది. కానీ పబ్‌మెడ్‌లో కనిపించే పత్రికలన్నిటికీ ఆ శీర్షికలు ఉండవు, మన దేశపు పత్రికలు చాలా వాటికి అసలే ఉండవు. కాబట్టి పేపరు పేరులో, సారాంశంలో వాడిన మాటలనూ వెతకాలి. అనీమియా స్పెల్లింగులో 'ఎన్' తర్వాత అమెరికన్లు ఒక్క 'ఇ' రాస్తారు, బ్రిటిష్ పద్ధతిలో 'ఏ', 'ఇ' రెండూ ఉంటాయి. మేడమ్ రెండు రూపాలూ చేర్చారు. నరానికి ఎక్కించే ఐరన్ మందులైన ఐరన్ సుక్రోజ్, ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోజ్, వాటి వ్యాపార నామాలు అన్నీ 'ఆర్'తో (వీటిలో ఏది ఉన్నా చాలు అని చెప్పే మాట) కలిపారు.

మాకు ముందే తెలిసిన పేపర్లు వస్తున్నాయో లేదో చూడటం ఆవిడ పెట్టిన పరీక్ష. ఒకటి రాలేదు. తెరిచి చూస్తే సారాంశంలో ఎక్కడా అనీమియా అన్న మాటే లేదు, హీమోగ్లోబిన్ తక్కువగా ఉందని మాత్రమే రాశారు. దానికోసం సెర్చ్‌లో ఇంకో వరుస మాటలు చేర్చారు. పేపరు దొరికింది, పనికిరానివీ పెరిగాయి. "చదివి పక్కన పెట్టవచ్చు. రానిదాన్ని ఎలా చదువుతారు?" అన్నారు. తాను రాసిన సెర్చ్‌ను మరో లైబ్రేరియన్‌తో తనిఖీ చేయించేదాకా ఊరుకోలేదు. ఈ పట్టుదలే నాకు ఎంతో నచ్చింది.

ఎంబేస్ అనే మరో వైద్య డేటాబేస్‌కు మా కాలేజీకి చందా లేదు. ఆ సంగతి రివ్యూ పరిమితుల్లో దాచకుండా రాయాలన్నారు. ట్రయల్స్, రివ్యూలు ఉండే కోక్రేన్ లైబ్రరీలో వెతికారు. మనుషులపై చేసే వైద్య పరీక్షలు నమోదయ్యే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ–ఇండియాలోనూ వెతికారు. మన దేశంలో ట్రయల్స్ నమోదు 2009 నుంచి తప్పనిసరి కాబట్టి, ఫలితాలు ప్రచురించని వాటి ఆచూకీ అక్కడ దొరుకుతుంది. ఒకే పేపరు రెండుమూడు చోట్ల వస్తే పేపర్ల జాబితాలు సర్దే జొటేరో సాఫ్ట్‌వేర్‌లో ఏరివేశారు. మిగిలినవి, పేపర్లను వడపోసే రయ్యాన్ అనే వెబ్ సాధనంలో నేనూ బృందంలో ఇంకొకరూ విడివిడిగా చదివాం.

పద్ధతుల విభాగంలో సెర్చ్ భాగం ఆవిడే రాశారు, సెర్చ్ వివరాలు ఎలా రాయాలో చెప్పే ప్రిస్మా-ఎస్ చెక్‌లిస్టు ప్రకారం ప్రతి డేటాబేస్‌లో వెతికిన తేదీ సహా. కృతజ్ఞతల్లో పేరు వేస్తే చాలదా అని బృందంలో ఒకరు అడిగారు. చాలదని నేను గట్టిగా చెప్పాను. రివ్యూకు ముడిసరుకు తెచ్చింది ఆవిడ, ఆ భాగం రాసింది ఆవిడ, తుది ప్రతి చదివి బాధ్యత తీసుకుంది ఆవిడ. రచయితల వరుసలో ఇప్పుడు ఆవిడ పేరు రెండోది.