ఎర్రచందనం నారు పెంపకం: నా అనుభవం

ఎర్రచందనం దానంతట అది పెరిగేది తూర్పు కనుమల దక్షిణ కొసలోనే. శేషాచలం, పాలకొండ, వెలిగొండ, లంకమల కొండలే దాని పుట్టిల్లు. తిరుపతి చుట్టుపక్కల నేల, ఎండ దానికి సరిపోతాయి. పట్టా భూమిలో వేసేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది నారు దగ్గరే. నేను చంద్రగిరి వైపు ఎర్రగరప నేలలో చేస్తున్న పద్ధతి ఇది.

కాయలు ఫిబ్రవరి, మార్చిలో ముదురుతాయి. అడవిలో ఏరకూడదు, సాగుచేసిన చెట్ల నుంచే తీసుకుంటాను. ఎర్రచందనం కాయ చుట్టూ పలచని రెక్క ఉంటుంది. దాని దగ్గరి జాతి చెట్టు వేగిస కాయకూ ఇలాగే ఉంటుంది, కాబట్టి కాయతో పాటు ఆకు కూడా చూడాలి. ఎర్రచందనానికి ఈనెకు మామూలుగా 3 ఆకులు, వేగిసకు 5 నుంచి 7.

విత్తనం బాగున్నా మొలవకపోవడానికి కారణం గట్టి కాయ తొక్క. నీళ్లు లోపలికి దిగవు. చుట్టూ ఉన్న రెక్కను కత్తెరతో తీసేస్తాను. మధ్య ఉబ్బును మాత్రం పగలగొట్టను, లోపలి గింజ నలుగుతుంది. తర్వాత పలచని పేడనీళ్లలో 2, 3 రోజులు నానబెట్టి, ఆపైన వారం పాటు పగలు ఎండ, రాత్రి నీళ్లు. ఇలా తడిసి ఆరితేనే తొక్క మెత్తబడుతుంది. ఒక్కసారి నానబెట్టి చల్లితే మొలక చాలా పలచగా వస్తుంది.

ఇసుక కలిపిన ఎత్తు మడిలో కాయలను పడుకోబెట్టి, సెంటీమీటరు మందం మట్టి కప్పి, పైన వరిగడ్డి పరుస్తాను. రెండో వారం నుంచి మొలకలు కనిపిస్తాయి, కానీ ఒకేసారి రావు. నెల దాటాక కూడా వస్తుంటాయి, తొందరపడి మడి తిరగేయొద్దు. అన్నీ సరిగా చేసినా సగం మొలిస్తే మంచిదే. అందుకే కావలసినదానికి రెట్టింపు వేస్తాను. మొదటి ఆకులు ఒంటిగా వస్తాయి, మూడాకుల రెమ్మ తర్వాతే. అది చూసి వేరే మొక్క అనుకుని పీకేస్తుంటారు.

మడిలో నీళ్లు నిలిస్తే నారుకుళ్లు ఖాయం. కనిపించగానే తడి తగ్గించి, లీటరు నీళ్లకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ (తెగులు మందు) కలిపి మొదళ్లు తడుపుతాను.

నెలన్నర మొక్కను కవరులోకి మార్చాలి. ఎర్రమట్టి 2 పాళ్లు, ఇసుక 1, చివికిన పశువుల ఎరువు 1. తల్లివేరు తొందరగా దిగుతుంది, పొట్టి కవరైతే అడుగున చుట్టుకుపోతుంది. ఆ మొక్క నాటాక రెండేళ్లకైనా సాగదు. పొడుగు కవర్లే వాడి, వేరు నేలలోకి దిగకుండా నెలకోసారి జరుపుతాను.

అడుగు ఎత్తు దాటాక, వానలు పడ్డాక, 4 మీటర్ల ఎడంతో 45 సెంటీమీటర్ల గుంతల్లో నాటాలి. నల్లరేగడి, నీరు నిలిచే పల్లం వద్దు.

సొంత చెట్టయినా కొట్టాలన్నా తరలించాలన్నా అటవీ శాఖ అనుమతి తప్పదు. నాటిన సంవత్సరమే సర్వే నంబరు, మొక్కల లెక్క, నారు రసీదు, ఫోటోలు ఒకచోట దాచిపెట్టండి.