ఇసుక పొదిగే గుడ్లు, గడ్డి మేసే తాబేలు

గత ఫిబ్రవరిలో ఒక శనివారం రాత్రి మా అమ్మాయిని వెంటబెట్టుకుని నీలాంకరై నుంచి బీసెంట్ నగర్ వైపు సముద్రపు ఒడ్డున తాబేళ్ల కోసం నడిచాను. చెన్నైలో 1988 నుంచి ఒక విద్యార్థి బృందం, గుడ్లు పెట్టే కాలంలో ఈ తీరమంతా రాత్రివేళ నడిచి, కుక్కల పాలు కాకముందే గుడ్లను సేకరించి, కంచె వేసిన చోట ఇసుకలో తిరిగి పూడ్చిపెడుతోంది. కొట్టివాక్కం దగ్గర ఒక తల్లి తాబేలు వెనుక కాళ్లతో గొయ్యి తవ్వుతూ కనిపించినప్పుడు, మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుని, "నాన్నా, పచ్చ తాబేలంటే ఇదేనా?" అని గుసగుసగా అడిగింది.

అది ఆలివ్ రిడ్లే అనే మరో జాతి సముద్రపు తాబేలు. పచ్చ తాబేలు దానికంటే చాలా పెద్దది. డిప్ప మీద పక్క పలకలు ఇరువైపులా నాలుగేసి మాత్రమే ఉంటాయి, కింది దవడ అంచు సన్నని రంపంలా ఉంటుంది. పేరులోని పచ్చదనం డిప్పది కాదు, చర్మం కింద ఉండే కొవ్వుది. పిల్లగా ఉన్నప్పుడు నడిసముద్రంలో చిన్న చిన్న ప్రాణులను తిని బతికినా, కొన్నేళ్లకు తీరానికి దగ్గరగా వచ్చి సముద్రగడ్డినీ నాచునూ మేయడం మొదలుపెడుతుంది. మన దేశంలో అది గుడ్లు పెట్టేది ప్రధానంగా గుజరాత్, లక్షద్వీప్, అండమాన్ నికోబార్ తీరాల్లో. తమిళనాడులో మన్నార్ సింధుశాఖ, పాక్ అఖాతం దానికి మేత భూములు.

తాబేలు తన గుడ్లను తలపుతోనే పొదుగుతుందని మా నాయనమ్మ చెప్పేది. చేప చూపుతో, పక్షి స్పర్శతో, తాబేలు స్మరణతో సంతానాన్ని పెంచుతాయన్న ఆ పాత మాట నాకు ఇప్పటికీ ఇష్టమే, ఎందుకంటే వందకు పైగా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, వెనుదిరిగి చూడకుండా వెళ్లిపోయే తల్లిని చూసిన ఎవరికైనా అలాంటి ఓదార్పు కావాలనిపిస్తుంది. నిజానికి పొదిగేది ఇసుక వేడి. దాదాపు రెండు నెలల పాటు ఆ వేడే పిల్ల ఆడదో మగదో కూడా తేలుస్తుంది: సుమారు 29 డిగ్రీల సెల్సియస్‌కు పైన ఆడపిల్లలు, దిగువన మగపిల్లలు ఎక్కువవుతాయి. ఆస్ట్రేలియాలోని గ్రేట్ బారియర్ రీఫ్ ఉత్తర భాగంలో పుట్టిన పచ్చ తాబేళ్లను పరిశీలించి 2018లో ప్రకటించిన అధ్యయనంలో, ఇంకా ఈడుకు రాని వాటిలో 99 శాతానికి పైగా ఆడవేనని తేలింది. గుడ్లకు కంచె వేయగలం గాని వేడెక్కుతున్న ఇసుకకు ఏ కంచె వేస్తామో నాకు తోచడం లేదు.

అయినా పచ్చ తాబేలు కథ కేవలం దుఃఖం కాదు. 1982 నుంచి అంతరించిపోయే ప్రమాదంలో ఉన్నదిగా లెక్కించిన ఈ జాతిని 2025 అక్టోబరులో, ఏ జీవి ఎంత ప్రమాదంలో ఉందో లెక్కించే అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ ఆ జాబితా నుంచి తప్పించి, ఆందోళన అంతగా అవసరం లేని వర్గంలో చేర్చింది. 1970ల నాటితో పోలిస్తే ప్రపంచంలో వాటి సంఖ్య దాదాపు 28 శాతం పెరిగింది. వేటను ఆపి, గుడ్లను కాపాడిన కొన్ని దశాబ్దాల శ్రమ ఫలమిది.

అయితే పెరిగిన తాబేళ్లకు మేత ఉండాలి కదా. లక్షద్వీప్‌లోని అగత్తి దీవి సముద్రపు మడుగులో పచ్చ తాబేళ్లు గుంపులుగా చేరి, గడ్డిని మొదళ్ల దాకా మేసి, అక్కడ తరిగిపోయాక మరో దీవి వైపు కదలడాన్ని పరిశోధకులు నమోదు చేశారు. ఆ గడ్డిలోనే చేపపిల్లలు పెరుగుతాయి కనుక, తమ వలలో చేప తగ్గడానికి తాబేలే కారణమని అక్కడి జాలర్లు ఆగ్రహించారు. వారిని తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. తాబేలును కాపాడటం అంటే గడ్డినీ, ఆ గడ్డి మీద ఆధారపడిన మనుషులనూ కలిపి చూడటమేనని అగత్తి గురించి చదివాకనే నాకు అర్థమైంది.

పాక్ అఖాతంలో సముద్రపు ఆవుల (డ్యూగాంగ్‌ల) కోసం తమిళనాడు ప్రభుత్వం 2022లో ప్రకటించిన సంరక్షణ ప్రాంతం నాకు అందుకే ఆశ కలిగిస్తోంది, ఎందుకంటే ఆ ఆవు మేసే గడ్డే పచ్చ తాబేలూ మేస్తుంది. అడుగును ఊడ్చే ట్రాల్ వలలు ఆ గడ్డిని పెళ్లగిస్తాయి, తాబేళ్లనూ ముంచేస్తాయి. తాబేలు మనలాగే ఊపిరితిత్తులతో గాలి పీల్చే జీవి. పైకి రానివ్వకపోతే చనిపోతుంది. 2025 జనవరిలో చెన్నై తీరానికి వందల సంఖ్యలో కొట్టుకొచ్చిన రిడ్లేల కళేబరాలను చూసిన తరువాత, తాబేళ్లు తప్పించుకునే దారి ఉన్న వలల గురించి నాకు తెలిసిన ప్రతి జాలరితోనూ మాట్లాడుతూనే ఉన్నాను.

ఆ రాత్రి తల్లి తాబేలు గొయ్యి పూడ్చి నీళ్లలోకి వెళ్లేసరికి ఒంటిగంట దాటింది. పచ్చ తాబేలు మేసే చోటు చూపించమని మా అమ్మాయి అడిగింది. ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు తూర్పు తీరంలో మరపడవల వేట నిషేధం ఉంటుంది కనుక, ఆ రోజుల్లోనే పాక్ అఖాతం ఒడ్డునున్న మండపం వెళ్దామని చెప్పాను.