శీతనిద్ర లాగ్: ఫ్రిజ్‌లో హెర్మన్ తాబేలు

తాబేలు: పూర్తిగా ఎదిగిన హెర్మన్, 900 గ్రాములు. గడువు: 5 డిగ్రీల సెల్సియస్ దగ్గర పది వారాలు.

మధ్యధరా తీరాల హెర్మన్‌కీ, మధ్య ఆసియా హార్స్‌ఫీల్డ్‌కీ చలికాలపు నిద్ర సహజం. నక్షత్ర తాబేలు, సల్కాటా, లెపర్డ్ తాబేళ్ల సంగతి వేరు. వాటిని చల్లబరిస్తే నిద్ర పట్టదు, న్యుమోనియా పట్టుకుంటుంది. జాతి ఏదో కచ్చితంగా తేలకుండా ఈ పని మొదలుపెట్టొద్దు.

నాలుగు వారాల ముందు

ఆరోగ్య పరీక్ష. కళ్లు తేటగా, ముక్కు పొడిగా ఉండాలి. నోట్లో పసుపు పొర ఉండకూడదు. పురుగుల కోసం మల పరీక్ష కూడా ఇప్పుడే చేయించాలి. ముక్కు కారుతున్నా, ఈ మధ్యే జబ్బు చేసి లేచినా ఈ ఏడాదికి నిద్ర లేదు, వేడినిచ్చే దీపం కిందే గడపాలి. ఒక చలికాలం మేలుకున్నంత మాత్రాన దానికొచ్చే నష్టమేమీ లేదు.

మూడు వారాల ముందు

మేత ఆపాం. చిన్న తాబేలు పిల్లలకైతే రెండు వారాల ఉపవాసం చాలు.

చాలామంది తొందరపడేది ఇక్కడే. మేత ఆపిన రోజే దీపమూ ఆర్పేస్తారు. పేగు కదలాలంటే ఒంట్లో వేడి ఉండాలి. అది లేకపోతే తిన్న ఆకులు లోపలే నిలిచిపోయి కుళ్లుతాయి, గ్యాస్ పుడుతుంది, ఇన్ఫెక్షన్ సోకుతుంది. నిద్రలోనే చనిపోయిందనుకునే తాబేళ్లలో కొన్నిటికి అసలు కారణం నిద్రకు ముందే మొదలై ఉంటుంది. అందుకే మొదటి రెండు వారాలు దీపం మామూలుగానే వెలుగుతుంది. రోజూ గోరువెచ్చని నీళ్లలో 20 నిమిషాలు స్నానం, నీటి మట్టం గడ్డం దాటకుండా. దీనివల్ల పేగు ఖాళీ అవుతుంది, మూత్రాశయం నిండుతుంది. నిద్రంతా దానికి ఆ మూత్రాశయమే నీళ్ల కుండ.

చివరి వారం

దీపం వెలిగే గంటలు తగ్గిస్తూ వచ్చి ఆర్పేశాం. 20 డిగ్రీల నుంచి 15కి, అక్కడి నుంచి 10కి. ఆఖరి స్నానం తర్వాత ఒళ్లు పూర్తిగా ఆరనిచ్చి పెట్టెలోకి దించాం.

పెట్టె, ఫ్రిజ్

పెట్టెలో తాబేలు ఒక చుట్టు తిరగగలిగితే చాలు. మూతకీ పక్కలకీ రంధ్రాలు, అడుగున 10 సెంటీమీటర్ల మందాన మట్టీ కొబ్బరి పొట్టూ కలిపి. పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టాలి, నీరు కారకూడదు.

ఫ్రీజర్ అర లేని ఫ్రిజ్ మంచిది. రెండు వారాల ముందు నుంచే నడిపి చూసుకోవాలి. ఖాళీ అరల్లో నీళ్ల సీసాలు పేరిస్తే తలుపు తీసినా ఉష్ణోగ్రత ఎగిసిపడదు. వెనక పలక మీద మంచు కడుతుంది కాబట్టి పెట్టె దానికి తగలకూడదు. ఫ్రిజ్ చూపించే అంకెను నమ్మొద్దు. కనిష్ఠ, గరిష్ఠ అంకెలు దాచుకునే థర్మామీటర్ కొని, దాని ప్రోబ్‌ని (వేడి కొలిచే తీగ కొనని) పెట్టె లోపల తాబేలు పక్కనే ఉంచాలి. అలారం 3 డిగ్రీలకీ 8 డిగ్రీలకీ పెట్టాం.

సున్నా కంటే దిగితే కళ్లు దెబ్బతిని చూపు పోవచ్చు. అందరూ భయపడేది దానికే. కానీ 10 దాటినా ప్రమాదమే. జీవక్రియ పుంజుకుంటుంది, తినడానికి చాలినంత వేడి మాత్రం ఉండదు. ఉన్న కొవ్వునూ నీటినీ కరగదీసుకుంటూ అలాగే పడి ఉంటుంది. షెడ్డులో పెట్టిన పెట్టెలకి ఎండ కాసిన ప్రతి రోజూ ఇదే జరుగుతుంది. మేం ఫ్రిజ్ వైపే మొగ్గడానికి కారణం అదే.

నిద్ర వారాలు

రోజూ ఒక నిమిషం తలుపు తెరిచి గాలి మారుస్తున్నాం. చెరువు అడుగున చలికాలం గడిపే పెయింటెడ్ తాబేలు 3 డిగ్రీల నీటిలో ఆక్సిజన్ లేకుండా నెలల తరబడి బతకగలదు. ఒంట్లో పేరుకునే లాక్టిక్ ఆమ్లాన్ని డిప్పలోని కాల్షియం కార్బొనేట్‌తో తటస్థం చేసుకుంటుంది. హెర్మన్‌కి ఆ దారి లేదు, దానికి గాలి కావాల్సిందే.

వారానికోసారి తూకం, ఎప్పుడూ అదే కాటా మీద. నెలకి 1 శాతం, అంటే ఈ తాబేలుకి 9 గ్రాములు తగ్గడం మామూలే. 810కి వస్తే పది శాతం పోయినట్టు, ఇక ఆగకుండా లేపేయాలి. ఒకే వారంలో 20, 30 గ్రాములు పడిపోతే తోక దగ్గర మట్టి తడిసిందేమో చూడాలి. మూత్రం పోసి ఉంటే దాచుకున్న నీరు పోయినట్టే. అదే రోజు లేపాలి, ఈ చలికాలానికి మళ్లీ పడుకోబెట్టకూడదు. అంతా బాగుంటే కాలు తాకినప్పుడు నెమ్మదిగా లోపలికి లాక్కుంటుంది.

మొదటిసారి నిద్రపోయే పిల్లలకి మూడు నాలుగు వారాలకి మించొద్దు.

లేపడం

పెట్టెను కొన్ని గంటలు 15 డిగ్రీల గదిలో ఉంచి, ఆ తర్వాత గోరువెచ్చని స్నానం, ఆపైన దీపం. దీపం కింద 30 నుంచి 35 డిగ్రీలు. ముందు తాగాలి, తినడం తర్వాత. నిద్రలో రక్తంలో పేరుకున్న యూరియా మూత్రంతో బయటికి పోతేనే ఆకలి పుడుతుంది. కాబట్టి మొదటి రోజే నోట్లో ఆకులు కుక్కొద్దు, రోజూ స్నానం చేయించండి. వారం దాటినా మేత ముట్టకపోతే పశువైద్యుడి దగ్గర రక్త పరీక్ష. ఈ రోజుల్లో తెల్ల రక్తకణాలు తక్కువగా ఉంటాయి, ఇన్ఫెక్షన్ త్వరగా ముదురుతుంది. అందుకే లేచిన మొదటి రెండు వారాలు నోరు తరచుగా తెరిచి చూస్తున్నాం.