తమ్ముడికి కిడ్నీ ఇచ్చాను: నా అనుభవం

కుట్లు ఇంకా లాగుతున్నాయి. దగ్గు వస్తే పొట్టకి దిండు అదిమి పట్టుకోవాల్సి వస్తోంది. అయినా ఇప్పుడే రాస్తున్నాను. నాలాగే ఎవరైనా అక్కో చెల్లో కాగితాల సంచి పట్టుకుని ఆసుపత్రి వరండాలో కూర్చుని ఉంటే వాళ్లకు పనికొస్తుంది.

డిసెంబరు 31 రాత్రి చర్చి ఆరాధనలో కొత్త సంవత్సరానికని బైబిలు వచనం రాసి ఇచ్చే వాగ్దాన కార్డు నాకు వచ్చింది, యెహోషువ 1:9. "నిబ్బరముగలిగి ధైర్యముగా నుండుము." అప్పటికి తమ్ముడికి డయాలసిస్ మొదలవలేదు. కార్డు బైబిల్లో పెట్టుకున్నాను. వేసవికల్లా వాడు వారానికి మూడుసార్లు మిషన్ మీద పడుకుంటున్నాడు. చనిపోయినవాళ్ల అవయవాలు అవసరమైనవాళ్లకు కేటాయించే ప్రభుత్వ పథకం జీవన్‌దాన్‌లో వాడి పేరు నమోదు చేయించాం కానీ ఆ వరుస ఎప్పటికి వస్తుందో ఎవరూ చెప్పలేరు. అమ్మకి షుగర్, నాన్న లేరు. ఇక మిగిలింది నేనే.

పరీక్షల గురించి భయపడకండి. బ్లడ్ గ్రూపు, నా కిడ్నీని వాడి ఒళ్లు తిప్పికొడుతుందేమో రక్తంలో చూసే క్రాస్‌మ్యాచ్, 24 గంటల మూత్రం, ఏ కిడ్నీ ఎంత పనిచేస్తోందో విడిగా చూసే డీటీపీఏ స్కాన్, రక్తనాళాల కోసం సీటీ యాంజియో. చెప్పినట్టు నీళ్లు తాగి, చెప్పిన చోట పడుకుంటే అయిపోతాయి.

మనుషుల మాటలు అంత తేలిగ్గా పోవు. మా చుట్టాల్లో ఒక పెద్దాయన ఇంటికొచ్చి, "విశ్వాసం ఉంటే ఈ కోతలెందుకమ్మా, ప్రార్థన చేస్తే సరిపోదా" అన్నారు. నాకు ఇప్పటికీ మండుతుంది. ప్రార్థన మానింది ఎవరు? బైబిల్లో పౌలు కొలొస్సయులకు రాస్తూ లూకాను ప్రియుడైన వైద్యుడు అన్నాడు. వైద్యం చేయించుకోవడం అవిశ్వాసమైతే ఆ మాట రాసేవాడా? చేతిలో ఉన్న సాయం చేయకుండా దేవుడి మీదకు నెట్టేయడాన్ని నేను భక్తి అనను.

ఇక కాగితాలు. టెన్త్ సర్టిఫికెట్‌లో నాది ఒక పేరు, చర్చి పెళ్లి రిజిస్టర్‌లో బాప్తిస్మం పేరు, ఆధార్‌లో అత్తారింటి ఇంటిపేరు. మేమిద్దరం ఒక తల్లి బిడ్డలమని నిరూపించడానికి తిరిగి తిరిగి కాళ్లు అరిగాయి. కిడ్నీ ఇవ్వాలనుకునే ఆడవాళ్లు మొదటి పరీక్షకంటే ముందు ఈ పేర్లు సరిచేయించుకోండి.

నన్ను నిజంగా కుంగదీసింది కిడ్నీ ఇవ్వడానికి అనుమతి ఇచ్చే కమిటీ ఇంటర్వ్యూ. ముందు రోజు నుంచే అక్కడి ఉద్యోగి ప్రతి విషయం మా ఆయన్నే అడిగాడు. ఇచ్చేది నేను. ఎదురుగా కూర్చున్నది నేను. "మీ ఆవిడకి అర్థమైందా?" అని ఆయన్ని అడుగుతాడు. గదిలోకి వెళ్లాక కెమెరా పెట్టారు. ఒకాయన నా ముఖం కూడా చూడకుండా, "ఏమ్మా, ఎంతకి మాట్లాడుకున్నారు?" అన్నారు. తర్వాత "పొలం ఏమైనా రాయించుకుంటున్నావా?" ఆ తర్వాత "రేపు నీకేమన్నా అయితే మీ ఆయన నిన్ను చూస్తాడా, వదిలేస్తాడా?"

డబ్బు సంగతి అడగాలని నాకు తెలుసు. కిడ్నీల అమ్మకం ఆపడానికే 1994లో అవయవ మార్పిడి చట్టం తెచ్చారు. దాత స్త్రీ అయితే ఆమె సొంత ఇష్టంతోనే ఇస్తోందా అని మరింత జాగ్రత్తగా, తీసుకునే మనిషితో కాకుండా వేరే వారి ద్వారా రూఢి చేసుకోవాలని 2014 నిబంధనల్లో ఉంది. మంచి నిబంధన. మనల్ని కాపాడటానికి పెట్టినదాన్ని దొంగని నిలదీసినట్టు ఎందుకు అమలు చేయాలి?

చేతులు వణికాయి. గొంతు రాలేదు. ఆ క్షణంలో నాకు గుర్తొచ్చింది కార్డు మీది మాట ఒక్కటే కాదు, యెహోషువ గ్రంథంలో ఆ మాట తర్వాత ఇశ్రాయేలీయులు నది దాటినప్పుడు జరిగింది కూడా. యొర్దాను నది గట్లు పొర్లి పారుతుంటే, దేవుడి ఆజ్ఞల పలకలున్న మందసం (పవిత్రమైన పెట్టె) మోసే యాజకుల పాదాలు నీళ్లలో మునిగాకే ప్రవాహం ఆగింది. గట్టు మీద నిలబడి ఉండగా ఆగలేదు. వణుకు తగ్గాక మాట్లాడదామనుకుంటే నేను ఆ రోజు మాట్లాడేదాన్నే కాదు.

"డబ్బు లేదు సార్, పొలం లేదు. వాడు నా తమ్ముడు. నాకు ఒక కిడ్నీ చాలని మీ డాక్టర్లే పరీక్షించి చెప్పారు. నా దేవుడు నాకు తోడున్నాడు. ఇంకేమైనా అడగాలంటే నన్నే అడగండి, మా ఆయన్ని కాదు" అన్నాను. వణుకుతూనే అన్నాను, కానీ ఒక్క మాట కూడా మింగలేదు. పక్కనున్న లేడీ డాక్టర్ "సరేనమ్మా, కూర్చోండి" అన్నారు. అప్పటిదాకా నన్ను ఆ గదిలో ఎవరూ అండి అనలేదు.

అనుమతి వచ్చింది. ఆపరేషన్ చిన్న కోతలతో చేసే ల్యాప్రోస్కోపీలో చేశారు, ఎడమ కిడ్నీ తీశారు. తమ్ముడి క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్త పరీక్ష అంకె) దిగింది. ఇన్నాళ్లూ నీళ్లు కొలిచి తాగినవాడు ఇప్పుడు ఎక్కువ తాగమంటే ముందు నమ్మలేదు.

వాడు ఇక జీవితాంతం రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడాలి. ఇన్ఫెక్షన్ వస్తే కష్టం. కాబట్టి చుట్టాలకూ సంఘంవాళ్లకూ ఒక మనవి: పళ్ల సంచులతో గుంపుగా ఇంటికి రాకండి. డాక్టరు సరేననేదాకా ఎవరిళ్లలో వాళ్లు ప్రార్థన చేయండి. కోతలెందుకన్న పెద్దాయనకు కూడా ఇదే మాట.