అటకెక్కిన పని

శనివారం రాత్రి, పదిన్నర.

రెండుసార్లు తలస్నానం చేసినా చెవుల్లోంచి ఇంకా బూడిదరంగు పీచు వస్తూనే ఉంది. నాయన మాత్రం ఒక్క బకెట్ వేడినీళ్లతో తేల్చేసి, పెరుగన్నం తిని, ఏమీ జరగనట్టు టీవీ ముందు కూర్చున్నాడు. డెబ్భై దాటిన మనిషి. నాకేమో భుజాలు పైకి లేవడం లేదు.

మూడేళ్లుగా అటకెక్కిన పని ఇది. మాటవరసకే కాదు, నిజంగానే అటక మీది పని. ఇంటి వెనక విడిగా ఉన్న గరాజ్‌ని వడ్రంగం షెడ్డుగా మార్చుకున్నప్పుడు గోడలన్నిటికీ ఇన్సులేషన్, అంటే చలిని ఆపే పొర, పెట్టి, పైకప్పు మాత్రం తర్వాత చూద్దాంలే అని వదిలేశాను. అమెరికాలో మంచుకి పేరుపడ్డ ఈ మిన్నెసోటాలో పైకప్పుని తర్వాత చూద్దాం అనుకునేవాడు మొదటి జనవరికే తెలివి తెచ్చుకోవాలి. నాకు మూడు జనవరులు పట్టింది. హీటరు గంటల తరబడి తిరిగేది, నేను కోటు వేసుకుని రంపం పట్టుకునేవాణ్ని. మంచు కురిసిన మర్నాడు పక్కింటివాళ్ల గరాజ్ కప్పు తెల్లగా నిండుగా ఉంటే, మా షెడ్డు కప్పు మీద మంచు చారలు చారలుగా కరిగిపోయి ఉండేది. కరెంటు బిల్లు కట్టి మరీ ఆకాశానికి చలి కాచుకోమని మంట వేసినట్టు.

అయినా కదిలేవాణ్ని కాదేమో, జిగురు కదిలించింది. పోయిన సంక్రాంతికి స్నేహితుడి ఇంటికోసం మేపుల్ చెక్కతో చిన్న పూజామందిరం చేశాను. పండగ రోజు పొద్దున ఫోను: పక్క పలక ఊడి వచ్చిందట. వెళ్లి చూస్తే అతుకులో జిగురు సుద్దపొడిలా తెల్లగా రాలుతోంది. నేను వాడే జిగురుకి కనీసం 55 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే మన లెక్కలో 13 ఉండాలి. ఆ సంగతి డబ్బా మీదే రాసి ఉంది. ఆ వారం షెడ్డులో 7 కూడా దాటలేదు. దేవుడి ముందు పరువు పోయింది. ఈసారి మంచు పడేలోగా కప్పు పని కావాల్సిందే అని అప్పుడే అనుకున్నాను.

వేసవిలో సీలింగ్‌కి జిప్సం బోర్డు కొట్టించాను. అర అంగుళం బోర్డు చవకే, కానీ మా దూలాల మధ్య 24 అంగుళాల ఎడం ఉంది. పైన బరువు పడ్డాక పల్చటి బోర్డు మెల్లగా పొట్ట జారుతుంది. అందుకని 5/8 అంగుళానిది. బోర్డుకీ దూలాలకీ మధ్య దళసరి ప్లాస్టిక్ షీటు పరిచాం. లోపలి వెచ్చటి గాలిలో ఉన్న తేమ పైకి పాకి, చల్లటి చోట నీరై కూర్చోకుండా అది ఆపుతుంది. లైటు పెట్టెల చుట్టూ, వైర్లు పైకెళ్లే కన్నాల చుట్టూ డబ్బాల్లో వచ్చే ఫోమ్‌తో నింపేశాను. ఈ కన్నాలు మూయకుండా పైన ఎంత పోసినా చిల్లుకుండలో నీళ్లే.

పైన పోసేది సెల్యులోజ్. అంటే పాత న్యూస్‌పేపర్లు, పీచుపీచుగా చీల్చి, బోరిక్ మందు కలిపి, మూటలుగా బిగించి అమ్ముతారు. ఫైబర్‌గ్లాస్ దుప్పట్లు పరుద్దామా అని కూడా ఆలోచించాను. కానీ మా అటకలో దూలాలకి అడ్డంగా, ఏటవాలుగా కట్టెలు అల్లుకుని ఉన్నాయి. ప్రతి కట్టె దగ్గరా దుప్పటిని కోసి ఇరికించాలి, ఎంత ఒద్దికగా కోసినా సందులు మిగులుతాయి. ఊదే పీచుకి ఆ గొడవ లేదు, సందు ఎక్కడుంటే అక్కడికి అదే వెళ్లి కూర్చుంటుంది. పైగా గాజుపీచు దురద నాకు గోడలప్పుడే సరిపోయింది.

26 మూటలు తెచ్చాను, మినీవ్యాన్‌లో రెండు ట్రిప్పులు. ఒక్కోటి 11 కిలోలు. ఇన్ని మూటలు కొన్నందుకు ఊదే మిషను ఒకరోజుకి అద్దె లేకుండా ఇచ్చారు.

నాయన మూటల చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"ఏంరా ఇది?"

"పాత పేపర్లు నాయనా. పైన పోస్తాం, చలి రాకుండా."

"పేపర్లా?" ఒక మూట మూలన చింపి గుప్పెడు తీసి నలిపి చూశాడు. "ఆడ మనం కిలోల లెక్కన అమ్మేది, ఈడ నువ్వు డబ్బులిచ్చి కొనుక్కొస్తివా? అంటుకుంటే ఏం గతి?"

మాటలతో వినే మనిషి కాదు. వాకిట్లో సిమెంటు మీద గుప్పెడు పోసి గ్యాస్ లైటర్ పెట్టాను. నల్లబడింది, పొగ వచ్చింది, మంట మాత్రం లేవలేదు, బోరిక్ కలిపిన చలవ. బోరిక్ అంటే ఏదో కాదు, చిన్నప్పుడు క్యారమ్స్ బోర్డు మీద చల్లిన పౌడరే, అమ్మ పిండిలో కలిపి బొద్దింకలకి పెట్టిందీ అదే అన్నాను. ఇక్కడా పురుగుల్ని దగ్గరికి రానివ్వదు. నాయన మసిని చెప్పుతో తొక్కి, "సరే, నన్నేం చేయమంటావ్?" అన్నాడు. అదే ఆయన ఒప్పుకోవడం.

అసలు ఆయన్ని ఈ పనిలోకి దింపాలన్న ఉద్దేశం నాకు లేదు. సాయానికి వస్తానన్న మిత్రుడు పొద్దున్నే పిల్లాడికి జ్వరం అని ఫోన్ చేశాడు. మిషను రేపు పొద్దున పదింటికల్లా తిరిగి ఇచ్చేయాలి. ఇది ఒక్కడి వల్ల అయ్యేది కాదు. కింద ఒకరు మూటలు చిదిపి తొట్టిలో వేస్తుండాలి, పైన ఒకరు పైపు పట్టాలి. మా ఆవిడ నన్నో చూపు చూసి, "మామా, మాస్కు తీయకండి, అలసిపోతే ఆపేయండి" అని నాలుగుసార్లు చెప్పి వెళ్లింది.

పైకెక్కే ముందే చేయాల్సినవి పోయిన వారమే అయిపోయాయి. చూరు దగ్గర గాలి వచ్చే రంధ్రాలు పీచుతో మూసుకుపోకుండా వాసాల మధ్య ఫోమ్ పలకలు కొట్టాను. చూరు నుంచి నడికప్పుదాకా గాలి ఆడకపోతే అటక చెమ్మగిల్లి చెక్క కుళ్లుతుంది. పైకెక్కే కన్నం చుట్టూ ప్లైవుడ్‌తో గట్టు కట్టాను. నాయన ఆ కన్నాన్ని చూసి "గవాచి" అన్నాడు. పత్తికొండ దగ్గర మా పాత మట్టిమిద్దెకి నడిమింట్లో ఉండేది, వెలుతురు కోసం. ఆ మాట విని ఎన్నేళ్లయిందో.

పైన దూలాలకి అక్కడక్కడా కాగితం స్కేళ్లు కొట్టుకున్నాను, ఎంత మందం పడిందో తెలియాలి కదా. సెల్యులోజ్ అంగుళానికి సుమారు 3.6 ఆర్-వేల్యూ ఇస్తుంది, అంటే వేడిని ఆపే సత్తా అన్నమాట. నాకు కావాల్సింది 38. లెక్క ప్రకారం 10.5 అంగుళాలు చాలు. కానీ ఊదిన పీచు కొన్నాళ్లకి తనంతట తాను కుంగుతుంది, అందుకని 12 దాకా పోయాలి. ఇళ్లకైతే ఇక్కడ ఇంకా ఎక్కువ అడుగుతారు. షెడ్డుకి ఇది చాలనుకున్నాను.

మిషను మొదలవగానే మాటలు వినపడవు. ఒక దెబ్బ కొడితే ఆపు, రెండు కొడితే పీచు వెయ్యి అని ముందే అనుకున్నాం. ప్లైవుడ్ ముక్క మీద మోకాళ్లేసి, నుదుటి లైటుతో, దూరపు మూల నుంచి వెనక్కి వెనక్కి జరుగుతూ ఊదాలి. లైటు వెలుగులో దుమ్ము తప్ప ఏమీ కనపడదు. పైపు నోట్లోంచి పీచు మెత్తగా వచ్చి పడుతుంటే అక్కడక్కడా చిన్న చిన్న అక్షరాలు, సగం అంకెలు. ఎవరో కాఫీ తాగుతూ చదివి పారేసిన వార్తలు. ఒక ముక్క మీద రంగు కూడా ఉంది, కూరగాయల ధరో, కారు ప్రకటనో మరి.

పదమూడో మూట దగ్గర గాలి ఆగిపోయింది. రెండు దెబ్బలు కొట్టాను. జవాబు లేదు. గబగబా నిచ్చెన దిగి చూస్తే పైపు అతుకు ఊడిపోయి షెడ్డంతా బూడిద తుఫాను. దాని మధ్యలో నాయన, కనుబొమ్మల దాకా బూడిద పూసుకున్న బైరాగిలా, ఊడిన పైపు కొసని రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. మిషను ఆపే స్విచ్ ఎక్కడుందో ఆయనకి చెప్పనే లేదు నేను. తప్పు నాదే. మూటని గడ్డలు గడ్డలుగా వేశాడేమో, పైపు పూడుకుపోయింది. తిట్టాలా నవ్వాలా తెలియక ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. రంపం బల్ల మీద గుడ్డ కప్పాను గానీ, లేత్ మీద కప్పడం మరిచిపోయాను. రేపు దాన్ని తుడిచేసరికి నా పని అయిపోతుంది.

అతుక్కి క్లాంపు బిగించి, మీద టేపు చుట్టి మళ్లీ మొదలుపెట్టాం. ఆ తర్వాత నాయన మూటని చేత్తో పొరలు పొరలుగా విప్పి, పశువులకి మేత వేసినట్టు కొంచెం కొంచెంగా వేశాడు. ఒక్కసారి కూడా పూడలేదు. నాలుగింటికి అటక నిండింది. మిషను ఆపేసి కాసేపు పైనే కూర్చున్నాను. అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. దగ్గితే దగ్గు నోటి దగ్గరే ఆగిపోయింది.

టీ తాగుతూ నాయన మిద్దె కబుర్లు ఎత్తుకున్నాడు. దూలాలు, వాటి మీద దంతెలు, కట్టె, ఆ పైన మట్టి, అన్నిటికంటే పైన చౌడు. ఏటా వానలకి ముందు బండ్లతో చౌడు తోలి పరిచేవాళ్లు. తడిస్తే అది బిగుసుకుని నీళ్లని లోపలికి దిగనివ్వదు. ఎండాకాలంలో లోపల చల్లగా ఉండేదని ఆయన అంటాడు. చౌడు రాలి అన్నంలో పడేదని అమ్మ అనేది. రెండూ నిజమే.

రాత్రి అన్నం తిన్నాక నాయన లైటు ఆపి వస్తానని షెడ్డులోకి వెళ్లి ఎంతకీ రాలేదు. చూద్దామని వెళ్తే, చీపురు కర్ర తిరగేసి సీలింగ్‌ని పొడుస్తూ, తల వాల్చి వింటున్నాడు. అడుగడుక్కీ మొద్దుగా ఒక చప్పుడు. తలుపు మూల దగ్గరికి వచ్చేసరికి చప్పుడు మారింది, ఖాళీ డబ్బా మీద కొట్టినట్టు.

"ఈడ పడలేదు రా."

అక్కడ కప్పు ఏటవాలుగా చూరులోకి దిగిపోతుంది. దుమ్ములో పైపు అక్కడిదాకా చేరిందనుకున్నాను, చేరలేదు. స్కేలు కూడా ఆ మూలన కొట్టలేదు.

ఇంకా రెండు మూటలు మిగిలే ఉన్నాయి. ఆరున్నరకే లేవాలి.