లివర్ పైనా, లివర్ లోపలా: అమ్మ స్కాన్ రిపోర్టుతో నా అనుభవం

అమ్మకు చివరి కీమో ఈమధ్యే పూర్తయింది. అండాశయ క్యాన్సర్ తీరును గమనించేందుకు రక్తంలో కొలిచే సిఏ-125 విలువ మామూలు హద్దైన 35 కంటే దిగువకు వచ్చిందన్న రిపోర్టు చేతికి అందాకే జరిగినదంతా రాసే స్థిమితం కలిగింది. కడుపు ఉబ్బరం, నాలుగు ముద్దలకే ఇక చాలనిపించడం, పొట్టలో చేరిన నీరు తీసి పరీక్షించడం, అండాశయ క్యాన్సర్ అని తేలడం ఒకదాని వెంట ఒకటి జరిగిపోయాయి. మమ్మల్ని నిలువునా కూల్చింది మాత్రం సీటీ స్కాన్ రిపోర్టులో లివర్ గురించి ఉన్న ఒక్క వాక్యం.

మేము మొదట కలిసిన డాక్టరు ఫిల్ములున్న కవరు తెరవనే లేదు. రిపోర్టు చివరి పేరా మీద చూపు ఆనించి, చక్రాల కుర్చీలో ఉన్న అమ్మ వైపు కన్నెత్తైనా చూడకుండా, "లివర్‌కు పాకింది, నాలుగో స్టేజి, ఇంటికి తీసుకెళ్లి బాగా చూసుకోండి" అని నాతో అన్నారు. లివర్‌లో ఎక్కడ, ఎంత అని నేను అడగబోయేలోపే తరువాతి పేషెంటును పిలిచారు. అమ్మ నీళ్ల సీసా మూతను తిప్పుతూనే ఉంది. వరండాలోకి వచ్చాక, "రోగం నాది కదా, ఆ మాటేదో నాతోనే చెప్పొచ్చుగా" అంది. ఆ అవమానాన్ని నేను ఇప్పటికీ క్షమించలేదు. రోగి ఎదురుగా ఉండగా ఆమె లేనట్టు మాట్లాడే హక్కు ఏ చదువూ ఇవ్వదు.

స్త్రీల క్యాన్సర్లకు ప్రత్యేకంగా ఆపరేషన్లు చేసే సర్జన్ వద్దకు వెళ్లినప్పుడు, ఆమె స్కాన్ సీడీని కంప్యూటరులో పెట్టి, తెరను అమ్మ వైపు తిప్పారు. లివర్ కుడి అంచు వెంబడి, డయాఫ్రం (ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండరపు పొర) కింద, సన్నని పొరలాంటిది కనిపించింది. అండాశయం నుంచి రాలిన కణాలు పొట్టలోని ద్రవంతో పాటు పైకి చేరి లివర్ పైపొర మీద నాటుకుంటాయనీ, లోపలి కణజాలంలోకి దిగనంతవరకు ఫిగో (స్త్రీరోగ వైద్యుల అంతర్జాతీయ సమాఖ్య) 2014లో ఇచ్చిన స్టేజిల వర్గీకరణ ప్రకారం అది మూడో స్టేజి పరిధిలోకే వస్తుందనీ, కణజాలం లోపలే గడ్డలు ఉంటే అది నాలుగో స్టేజిలో 'బి' విభాగమనీ ఆమె ఓపికగా వివరించారు. లోపలికి పాకినా వైద్యం ఆగిపోదనీ, కార్బోప్లాటిన్, పాక్లిటాక్సెల్ అనే కీమో మందులు ఆ గడ్డల మీదా పనిచేస్తాయనీ, ఒకటి రెండే ఉంటే కొందరిలో కోసి తీయవచ్చనీ కూడా చెప్పారు.

ఆశలు పెంచి పంపలేదు. ఇంత విస్తరించాక బయటపడితే అయిదేళ్లు దాటేవారు అమెరికా గణాంకాల్లో నూటికి సుమారు ముప్ఫై మందేననీ, చాలామందిలో జబ్బు తిరగబెడుతుందనీ దాచకుండా చెప్పారు. అయితే ఆపరేషన్ తరువాత కంటికి కనిపించే గడ్డ ఏదైనా మిగిలిందా, కార్బోప్లాటిన్ లాంటి ప్లాటినం మందుకు జబ్బు ఎంతగా లొంగింది అన్న రెండింటి మీదే చాలావరకు ఆధారపడి ఉంటుందన్నారు. కాబట్టి ఆపరేషన్ అయిన వెంటనే "ఏమైనా మిగిలిందా?" అని సూటిగా అడగండి, జవాబు కాగితం మీద రాయించుకోండి.

మూడు కీమోల తరువాత ఆపరేషన్ చేసి, లివర్ మీది పొరనూ, డయాఫ్రం మీది పొరనూ ఒలిచి తీసేశారు. కంటికి కనిపించేది ఏదీ మిగల్లేదు, లివర్ లోపల ఏమీ లేదు. మిగిలిన కీమోలు నీరసంతోనే గడిచాయి. బీఆర్‌సీఏ (మార్పు ఉంటే అండాశయ, రొమ్ము క్యాన్సర్ల ముప్పు పెంచే జన్యువులు) పరీక్షలో మార్పు ఉందని తేలినందున, జబ్బు తిరగబెట్టకుండా అదుపులో ఉంచేందుకు అమ్మకు ఓలాపరిబ్ మాత్రలు మొదలుపెడుతున్నారు. సాధారణంగా రెండేళ్ల వరకు వాడతారట. ఆ మార్పు పిల్లలకు వచ్చే అవకాశం సగానికి సగం కనుక నేనూ, చెల్లెలూ అదే పరీక్షకు రక్తం ఇచ్చి వచ్చాం. ఆ రిపోర్టులు రాగానే ఈ సర్జన్‌కే చూపిస్తాం.